ముద్ద పెట్టిన చేతులు

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినంక సావిత్రమ్మను చూసుకునేతందుకు పనిమనుషులు వచ్చిన్రు, పోయిన్రు. వచ్చిన మనిషిని ముందుగాల మీది ఏ వాడ అని అడుగుడు ఆమె అలవాటు. జవాబు నచ్చకుంటే ముద్దకు నోరు తెరవదు. కొడుకు నాగరాజుకు ఆత్మకూర్ బజార్ల విత్తనాల దుకాణం, కోడలు స్నిగ్ధకు బడిల కొలువు. విసిగిపోయి నాగరాజు ఒక మిషన్‌ను కిరాయికి తెచ్చిండు.

చక్రాల మీద ఒక గుంజ, దానికి రెండు రబ్బరు చేతులు, పైన చిన్న కెమెరా. మాట లేదు. జొన్నరొట్టె పాలల్ల నానబెట్టి తినిపిస్తది, తల దువ్వుతది, పడిపోయిన చెయ్యికి నూనె రాస్తది. మొదట్ల సావిత్రమ్మ బెదిరింది. నెల తిరిగేసరికి ఆ చెయ్యి పెట్టకుంటే ముద్ద మింగబుద్ధి కాకపాయె. చూడొచ్చినోళ్లకు చెప్పుకునేది, మిషన్‌కు కులం ఉంటదా, నా అదృష్టం మంచిగుందని.

పగటిపూట ఇంట్ల ఆమె, ఆ మిషన్. మాట్లాడకున్నా అది ఇంటదనిపించి పాత ముచ్చట్లన్నీ చెప్పేది. ఒకనాడు జానమ్మ ముచ్చట తీసింది. జానమ్మ వీళ్ల పల్లిచేన్ల కూలికి వచ్చేది. ఒక ఎండకాలం ఆమె చిన్నబిడ్డ దూపకు ఆగలేక గట్టు మీది వీళ్ల నీళ్లకుండల చెంబు ముంచింది. సావిత్రమ్మ ఆ కుండను పిల్ల కండ్ల ముందరనే పలగ్గొట్టింది. "భయానికి పిల్ల గౌను తడుపుకుంది" అని చెప్పి నవ్వింది.

ముద్ద పట్టుకున్న చెయ్యి నోటి దగ్గరికొచ్చి ఆగింది. ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకుంది సావిత్రమ్మ. కొంచెంసేపటికి ముద్ద నోట్లకు వచ్చింది.

ఆ వానకాలం ఒక పొద్దు రొట్టెముక్క ఆమె గొంతుల అడ్డంబడ్డది. ఊపిరి ఆడక కండ్లు తేలేస్తుంటే చేతులు ఆమెను ముందుకు వంచి వీపు మీద చరిచినయి. ఎన్నడు లేంది మిషన్ల నుంచి ఆడపిల్ల గొంతు వినొచ్చింది.

"అవ్వా, దగ్గు. జర గట్టిగ దగ్గు."

ముక్క బయటపడ్డది. చేతులు నీళ్లు తాపినయి. ఎవరు నువ్వని సావిత్రమ్మ అడిగింది. ఇంకో గుక్క తాపుకుంట ఆ గొంతు అన్నది, "మెర్సీని అవ్వా. పాలమూరు ఆఫీసుల కూసొని గీ చేతులు నేనే నడిపిస్త. జానమ్మ చిన్నబిడ్డను."

సావిత్రమ్మ నోట్ల నీళ్లు ఉమ్మేసింది. మనసు ఇంక ఏమీ అనుకోకముందే నోరు ఆ పని చేసింది.

ఉమ్మి రబ్బరు వేళ్ల మీద పడ్డది. కెమెరా ఆమె దిక్కే చూస్తున్నది. చేతులు బట్ట తెచ్చి ఆమె గదుమ తుడిచినయి, మెడ తుడిచినయి, నేల తుడిచినయి. సావిత్రమ్మ కండ్లు మూసుకుంది. పొద్దుపొద్దున తన కిందిబట్టలు మార్చి కడిగింది గూడ ఈ చేతులేనని యాదికొచ్చి, ఉన్నచోటనే భూమిల కుంగిపోతే బాగుండనిపించింది.

తెల్లారి చేతులు వేరే తీరుగ కదిలినయి. దువ్వెన తలను పట్టి గుంజింది. నాగరాజు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటే, ఆ పిల్లనే వేరే ఇల్లు అడిగి తీసుకుందన్నరు. వెనక మనుషులుంటరని అతనికి మొదటినుంచే తెలుసు. చెప్తే తల్లి తినదని దాచిండు. సావిత్రమ్మ రెండు పూటలు ఏం తినలే. ఆఖరికి కొడుకుకు జరిగింది చెప్పింది.

"పోనియ్ అమ్మా, ఎవరు చూసిన్రు?"

"ఆ పిల్ల చూసింది."

ఆదివారం ఆటోల జానమ్మ ఇంటికి తీస్కపొమ్మన్నది. ఒకే ఊర్ల ఉండి ఆ వాడకు ఆమె రావుడు అదే మొదలు. జానమ్మ కుర్చీ ఏసింది. మర్యాద తక్కువ చెయ్యలే. దుకాణం నుంచి సీలు తియ్యని నీళ్ల బాటిల్ తెప్పించి చేతికిచ్చింది.

"మీ ఇంట్ల నీళ్లే ఇయ్యి జానమ్మా."

"వద్దమ్మా. మీరు ఉమ్మింది బిడ్డ చెప్పింది. మళ్లొకసారి చూసే ఓపిక నాకు లేదు."

సావిత్రమ్మ తలొంచుకుంది. నీ బిడ్డతోని ఒక్కమాట మాట్లాడియ్యమన్నది. డ్యూటీల ఉంది, ఎవరికో అన్నం తినిపిస్తుంటదని జానమ్మ చెప్పింది. అయ్యేదాంక కూసుంటనన్నది సావిత్రమ్మ. నాగరాజు బయట ఆటో దగ్గర నిలబడ్డడు. జానమ్మ తన పని తను చేసుకున్నది.

పొద్దుగూకేటప్పుడు మెర్సీ ఫోన్ చేసింది. జానమ్మ ఫోన్‌ను సావిత్రమ్మ చెవికి దూరంగనే పట్టింది.

"ఉమ్మినందుకు తప్పైంది బిడ్డా. కుండ పలగ్గొట్టినందుకు గూడ. అది చెప్పి నవ్విన, గందుకు గూడ."



"సరే అవ్వా," అన్నది మెర్సీ. "మందులు యాళ్లకు ఏస్కో." ఫోన్ పెట్టేసింది.

ఆ 'సరే'ల ఏముందో సావిత్రమ్మకు అర్థం కాలే. ఆటో ఎక్కించుకుంట, ఏమన్నదని నాగరాజు అడిగిండు. ఆమె ఎడమచేత్తోని కొంగు ముఖం మీదికి గుంజుకున్నది.