చెల్లెలి ఆయాసం

సాయంత్రం నాలుగున్నరకి లాండ్రీలో ఫోన్ మోగుతుంది. యజమాని ఎత్తడు. అది తన కోసం కాదని ఆయనకి తెలుసు. ఇస్త్రీ పెట్టెని పక్కకి నిలబెట్టి పెద్దది వస్తుంది. ఒక చేత్తో రిసీవరు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నిలబడుతుంది.

"ఎలా ఉంది?" అంటాడు కోచ్ అవతలినుంచి.

"ఎలా ఉంటుంది? చచ్చిపోతున్నాను."

"మాట్లాడగలుగుతున్నావుగా. అయితే ఇంకో రౌండ్ పరిగెత్తిస్తా."

"పరిగెత్తించుకోండి, నాదేం పోయింది!" అని ఠక్కున ఫోన్ పెట్టేసి, రొప్పుకుంటూ బల్ల దగ్గరికి పోయి, చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తుంది.

చెల్లెలు స్టేడియంలో పరిగెడుతుంది. ఆయాసం అక్కకి వస్తుంది. ఆ ఇంట్లో మొదటినుంచీ అంతే. కొన్ని ఇళ్ళల్లో అందరికీ చిన్నప్పుడే బట్టతల వస్తుంది, కొన్ని ఇళ్ళల్లో అందరూ నిద్రలో మాట్లాడతారు, వీళ్ళింట్లో ఇది. బట్టలు ఉతికిన అలసటా, మెట్లెక్కిన అలసటా ఎవరిది వాళ్ళకే. పరుగు ఒక్కటే లెక్క తప్పింది. చిన్నది పరిగెత్తితే గుండె దడా, రొప్పూ, చెమటా అన్నీ వచ్చి పెద్దదాని మీద పడతాయి. వీధిలో అందరికీ తెలుసు. కోటు ఇస్త్రీకిచ్చిన పళ్ళ డాక్టరు కౌంటరు మీద మోచేతులు ఆనించి, "మీ చెల్లెలు ఇవాళ గట్టిగానే పరిగెడుతున్నట్టుందే" అంటాడు. "గట్టిగా కాదండీ, ఎత్తు ఎక్కుతోంది. ఎత్తెక్కితే నాకు ఇక్కడ పక్కటెముకల కింద పట్టేస్తుంది" అని పెద్దది వేలు పెట్టి చూపిస్తుంది. ఆయన తలాడించి, కోటు మడత పోకుండా చేతి మీద వేసుకుని వెళ్ళిపోతాడు.

ఆయాసం సంగతి అలా ఉంచండి, అది అలవాటైపోయింది. పెద్దదాన్ని కాల్చుకు తినేది మిగతా అంతా. ఏడాదికో జత కొత్త బూట్లు చిన్నదానికి. ఉడకబెట్టిన గుడ్లు చిన్నదానికి. ముందుగదిలో మేకుకి వేలాడే పతకాలన్నీ చిన్నదానివి, వాటి దుమ్ము మాత్రం పెద్దదానిది. పేపర్లో ఫోటో వేసి, కింద 'చెమట పట్టని చిన్నది' అని పెద్ద అక్షరాల్లో రాశారు. ఆ పేపరు చదివే సమయానికి పెద్దదాని జాకెట్టు వీపు మీద పిండితే కారేలా ఉంది. మీ విజయ రహస్యం ఏమిటి అని విలేకరి అడిగితే, "పరుగులో మనసు ప్రశాంతంగా ఉంచుకుంటాను" అని చెప్పిందట చిన్నది. ప్రశాంతమట! ఆ ఒక్క మాట పెద్దదాని గొంతులో వారం రోజులు అడ్డం పడి కూర్చుంది.

చిన్నది చెడ్డదని ఎవరూ అనలేరు. అదే పెద్దదానికి ఇంకా మంట. నాలుగు తిట్టి పోద్దామంటే అందుకు కూడా అవకాశం ఇవ్వదు. ఓసారి పతకాలు తుడుస్తున్న అక్క మెడ చుట్టూ వెనకనించి చేతులేసి, "ఇవన్నీ మనిద్దరివే కదే అక్కా" అంది.

"మనిద్దరివైతే ఒకటి నా మెళ్ళో వెయ్యి."

"వేసుకుని ఎక్కడికెళ్తావే, లాండ్రీకా?" అని పకపకా నవ్వి, ఆ నవ్వుతోనే గుడ్డు వలుచుకోడానికి వంటింట్లోకి పోయింది. అందులో ఎగతాళి ఇసుమంతైనా లేదు. పెద్దది మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం పళ్ళ డాక్టరు ఇస్త్రీ చేసిన కోటు తీసుకుని, బట్టల సంచి కౌంటరు మీదే మరిచిపోయి బస్సెక్కేశాడు. పెద్దది సంచి పట్టుకుని బస్సు వెంట పడింది. స్టాపులో అందలేదు. పండ్ల బళ్ళ మధ్యనుంచి దూరి, బ్యాంకు దాటి, సిగ్నలు దగ్గర కిటికీలోంచి సంచి ఆయన ఒళ్ళో పడేసింది.

"అయ్యో, ఇంత దూరం పరిగెత్తుకొచ్చావా!" అన్నాడాయన.

అప్పుడు తట్టింది ఆమెకి, తను పరిగెత్తిందని. చెప్పు తెగింది. మోకాలు సలుపుతోంది. ఊపిరి మాత్రం కుర్చీలో కూర్చుని లేచినట్టు నిదానంగా ఉంది. రొప్పు కోసం గుండె మీద చెయ్యి వేసి వెతుక్కుంది. లేదు. తన జేబులోంచి ఎవరో ఏదో కొట్టేసినట్టు అటూ ఇటూ చూసింది.

ఇంటికొచ్చేసరికి చిన్నది మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ.

"ఏమయిందే?"

"ఏమో అక్కా. కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నానా, ఉన్నట్టుండి ఊపిరి ఆడలేదు. గుండె ఒకటే కొట్టుకోవడం. నిన్నటి వేపుడు పడలేదేమో."

వంటింట్లోంచి అమ్మ, తరుగుతున్న ఉల్లిపాయ మీంచి తల ఎత్తకుండా అడిగింది: "నువ్వేమన్నా పరిగెత్తావా?"

పెద్దది వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. "నీకెలా తెలుసు?"

"తెలియకేం. అది ఉయ్యాల్లో ఉన్నప్పుడు నువ్వు వీధిలో పిల్లలతో పరుగులు పెడితే, ఇక్కడ పసిది ఎగశ్వాస పీల్చేది. ఒళ్ళంతా నీలంగా అయిపోయేది. నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. కూర్చోవే, పాపకి ఆయాసం వస్తోంది అనేదాన్ని."

"నాకు గుర్తులేదు."

"ఎనిమిదేళ్ళ పిల్లవి, ఏం గుర్తుంటుంది. ఒకసారి చెబితే వినేదానివి. కూర్చోమంటే కూర్చున్నావు."

"మరి అది పెద్దయ్యాక? ఇంక లే, పోయి ఆడుకో అని చెప్పలేదేం?"

అమ్మ ఉల్లిపాయ ముక్కల్ని కత్తితో ఒక పక్కకి నెట్టింది. "అప్పటికి అది పరిగెత్తడం మొదలెట్టింది. ఆయాసం నీకు రావడం మొదలెట్టింది. ఆయాసపడేదాన్ని లేచి పరిగెత్తమని ఎవరు చెప్తారు? అలా జరిగిపోయింది."

పెద్దది గడప మీద కూర్చుంది. మోకాలు రాసుకుంటూ అడిగింది: "నేను బాగా పరిగెత్తేదాన్నా?"

"వీధిలో ఎవరికీ అందేదానివి కాదు" అంది అమ్మ. "మగపిల్లలకి కూడా."

ఆ రోజు వరకూ పెద్దదానికి చెల్లెలంటే కుళ్ళు. ఆ రోజు నుంచి ఎవరికీ అందని ఆ ఎనిమిదేళ్ళ పిల్లన్నా కుళ్ళే.

ఆ నెలాఖరు ఆదివారం ఊళ్ళో ఆడవాళ్ళ పరుగు పందెం ఉంది. స్టేడియం నుంచి బయల్దేరి, మార్కెట్టు చుట్టి, రైలు వంతెన ఎక్కి దిగి, మళ్ళీ స్టేడియంకే రావాలి. ఎవరు గెలిస్తే వాళ్ళని పై పోటీలకి పంపుతారు, శిక్షణ ఖర్చంతా పందెం పెట్టినవాళ్ళదే. గెలిచేది చిన్నదేనని కోచ్ అప్పుడే రైలు టిక్కెట్టు గురించి వాకబు చేస్తున్నాడు. వయసుతో నిమిత్తం లేదన్నారు కాబట్టి పెద్దది వెళ్ళి తన పేరు కూడా ఇచ్చేసింది.

"పరిగెత్తడానికి నీకు ఊపిరెక్కడిదమ్మా?" అన్నాడు లాండ్రీ యజమాని. "ఉన్న ఊపిరంతా మీ చెల్లెలికే చాలట్లేదు."

చిన్నది మాత్రం ఎగిరి గంతేసింది. "నువ్వూ వస్తావా? భలే ఉంటుందే అక్కా! ఆగు, నా పాత బూట్లు ఇస్తా. కాస్త అరిగాయి కానీ నీకు సరిపోతాయి."

పెద్దది ఆ బూట్లు తీసుకుని తిరగేసి చూసింది. వాటిని అరగదీసిన పరుగంతా తన రొమ్ములోంచే పోయింది. నవ్వి, థాంక్స్ చెప్పింది.

అమ్మకి మాత్రం కంగారు పట్టుకుంది. శనివారం సాయంత్రం బట్టలు మడతపెడుతున్న పెద్దదాని దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "వద్దే. ఏళ్ళ తరబడి ఆయాసపడింది ఈ రోజు కోసం" అంది.

"ఎవరు?" అంది పెద్దది.

అమ్మ మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ఆదివారం పొద్దున్న తుపాకీ పేల్చగానే చిన్నది జింకలా ముందుకి దూకింది. పెద్దది చివరి వరసలో ఉంది. రెండడుగులు వేసిందో లేదో చెల్లెలి ఆయాసం వచ్చి మీద పడింది. పాత చుట్టంలాంటిది అది, ఎక్కడ కూర్చుంటుందో, ఎప్పుడు లేస్తుందో ఆమెకి తెలుసు. దాన్ని మోస్తూనే ఇన్నేళ్ళు దుప్పట్లు మడతపెట్టింది, చిల్లర లెక్కపెట్టింది, పళ్ళ డాక్టరుతో కబుర్లాడింది. దాన్ని అలాగే ఉండనిచ్చి, తన సొంత కాళ్ళని తను వదిలిపెట్టింది. కావాలనే, మొదటినుంచే, ఎంత వేగం వస్తే అంత.

మార్కెట్టు మలుపులో జనం ఒక పక్కకి ఒరిగి చూస్తున్నారు. మూసి ఉన్న మంగలి షాపు మెట్టు మీద చిన్నది కూర్చుని ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ముక్కు చివర ఒక చుక్క వేలాడుతోంది. అది చెమట అని కూడా దానికి తెలియలేదు, ముక్కు కారుతోందనుకుని చేత్తో తుడుచుకుంటోంది.

"అక్కా! నాకేదో అవుతోందే. గుండెపోటేమో చూడు!"

పెద్దది ఆగింది. "గుండెపోటు కాదు. ఆయాసం."

"ఇదా?" చిన్నది కళ్ళు పెద్దవి చేసింది. "ఇదా ఆయాసమంటే? నీకు రోజూ ఇలాగే ఉంటుందా?"

"రోజూ ఇలాగే."

అక్క నిలబడే కొద్దీ చిన్నదానికి ఊపిరి కుదురుకుంటోంది. చెంపల్లోకి రంగు వస్తోంది. చిన్నది తెలివైనది, ఆ సంగతి చిటికెలో పట్టేసింది. గోళ్ళు కత్తిరించుకున్న రోజు కూడా జ్ఞాపకం వచ్చినట్టుంది. అక్క చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"నీదా ఇది? అయితే నువ్వు ఆగితే నాకు తగ్గిపోతుంది కదా! అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, నువ్వు కాసేపు ఇక్కడ కూర్చో. వాళ్ళు ఎంతో దూరం పోలేదు, నేను అందుకుంటా. కూర్చోవే అక్కా, మా అక్కవి కదూ!"

మెట్టు మీద ఇంకొకరికి చోటుంది. చిన్నది పక్కకి జరిగి, చేత్తో దుమ్ము దులిపింది కూడా.

పెద్దది ఆ చోటుని చూసింది. ఒకసారి చెబితే వినే పిల్ల అక్కడ కూర్చుని ఉన్నట్టే అనిపించింది, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, వీధిలో మిగతా పిల్లల్ని చూస్తూ. తర్వాత చెల్లెలి కాళ్ళకున్న కొత్త బూట్లని చూసింది. ఒక్క మరక లేదు వాటి మీద.

చెయ్యి విడిపించుకుంది.

"ముక్కుతో పీల్చు, నోటితో వదులు" అంది. "గోడకి ఆనుకో. నీళ్ళు ఒక్కసారిగా తాగకు, కడుపులో పట్టేస్తుంది. ఎత్తెక్కేటప్పుడు ఇక్కడ, పక్కటెముకల కింద నొక్కి పట్టుకో. వంతెన ఎక్కబోతున్నాను."

"అక్కా! ఆగవే! ఏయ్!"

చిన్నది కూర్చునే ఉండటంతో దాని ఆయాసం కూడా పెద్దదాన్ని వదిలిపోయింది. సామానంతా తీసేసి, కడిగి ఆరబెట్టిన గదిలా ఉంది రొమ్ము. ఇలా ఉంటుందా చెల్లెలికి రోజూ అనుకుంది, ఇంకాస్త మండింది, ఇంకాస్త వేగం పెంచింది. వంతెన ఎక్కేటప్పుడు ముగ్గుర్ని దాటింది. దిగేటప్పుడు మిగతావాళ్ళని.

స్టేడియం గేటు దగ్గర కోచ్ మెడ చాచి చిన్నదాని కోసం చూస్తున్నాడు. పెద్దది పక్కకి రాగానే అలవాటుగా ఆమె మణికట్టు అందుకుని నాడి చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఇంత నిమ్మళంగా ఉందేంటి? చిన్నది ఆగిపోయిందా?"

"ఆగిపోయింది."

"ఎక్కడ? మరి నువ్విక్కడేం చేస్తున్నావ్?" అని తల తిప్పి, అప్పుడు చూశాడు, ఆమె రొమ్ముకి అడ్డంగా అంటుకుని వేలాడుతున్న రిబ్బను ముక్కని.

ఇద్దరూ పరిగెత్తవచ్చు కదా, ఒకరి ఆయాసం ఒకరు మోస్తే సరిపోతుంది కదా అన్నారు వీధిలో వాళ్ళు. చిన్నది రెండు రోజులు ప్రయత్నించింది. మూడోరోజు బూట్లు విప్పి మంచం కిందకి తోసేసింది. లాండ్రీలో పెద్దది వదిలిన పని ఇంకా ఖాళీగానే ఉంది.

పేపర్లో మళ్ళీ ఫోటో వచ్చింది. మీ విజయ రహస్యం ఏమిటని విలేకరి అడిగాడు. "పరుగులో మనసు ప్రశాంతంగా ఉంచుకుంటాను" అని చెప్పింది పెద్దది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఆ మాట చదివిన చిన్నది పేపరు ఉండచుట్టి మూల పారేసింది. ఈ గొడవలో ఒక చొక్కా కాలరు మాడింది.

నాలుగున్నరకి ఫోన్ మోగింది. యజమాని ఎత్తలేదు. చిన్నది గోడ పట్టుకుని నిలబడి, రిసీవరు చెవికి ఆనించుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు కోచ్.

"చచ్చిపోతున్నాను సార్. ఇంక ఆపమనండి దాన్ని!"

స్టేడియంలో కోచ్ ఫోన్ చెవికి దూరంగా పెట్టి, రెండో చెయ్యి ఊపుతూ గట్టిగా అరిచాడు: "పెద్దదానా! చాలట! చిన్నది చాలంటోంది!"

పెద్దదానికి వినపడింది. వంగి, కొత్త బూటు లేసు బిగించి కట్టుకుని, ఇంకో రౌండ్ మొదలుపెట్టింది.