పొడుగు గజం

మగ్గాలు ఆగి అది పన్నెండో రోజు. కొత్త లుంగీ ఒక్కటీ రాకపోయినా, గుడియాత్తం సావుకారు అరుగు మీద కూర్చుని వరదప్ప పాత సరుకునే మళ్లీ కొలుస్తున్నాడు. కొలవకపోతే అతని చేతులకు ఏం చేయాలో తోచదు. బక్కమనిషి. ముప్పై ఏళ్లు బట్ట లాగి లాగి కుడిభుజం కిందికి జారిపోయింది.

నేతగాళ్ల చూపు ఆ భుజం మీద లేదు, బొటనవేలి మీద ఉంది. ఇంట్లో నిండుగా ఉన్న బట్ట తాను అరుగెక్కేసరికి కురచవుతుందంటే, వరదప్ప వేలితో ఏదో చేస్తున్నాడనే వాళ్ల అనుమానం. గజంబద్దను అనుమానించాలని ఎవరికీ తోచలేదు. కర్ర పాపం, ఎవరి మొహమూ తప్పించుకు తిరగదు కదా.

గజంబద్ద గుట్టు వరదప్ప కంటబడింది సావుకారు భక్తివల్లే. నేతగాళ్ల దగ్గర బట్ట కొలిచి తీసుకునే కర్ర అరుగు మీద, అంగట్లో కొలిచి అమ్మే కర్ర లోపల ఉండేవి. ఏడాది పొడుగునా రెండూ కలవవు. పదకొండేళ్ల కిందట ఆయుధపూజ నాడు సావుకారు రెండింటినీ అమ్మవారి ముందు పక్కపక్కన పెట్టించాడు. పసుపు పూస్తూ వరదప్ప చూశాడు: అరుగు కర్ర రెండు వేళ్లు పొడుగు. సంగతి అమ్మవారికి తెలుసు, వరదప్పకు తెలుసు. ఇద్దరూ నోరు తెరవలేదు.

"రేపు వేలూరు సర్కారు కచేరీ నుంచి కొలతలు చూసే మనిషొస్తాడంట," అన్నాడు సావుకారు ఆ పొద్దున, గొంతు తగ్గించి. "ఈ కర్రను వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టెయ్. అడిగితే, అలవాటుగా వేలు జారింది సామీ అను. ముసలోడివి, వదిలేస్తారు."

"సరే సామీ."

వరదప్ప కర్ర భుజాన వేసుకుని పెరటి దారిన బయటపడ్డాడు. రోజూ కర్రతో కనిపించే మనిషిని ఎవరు చూస్తారు? వంటమనిషి సరసమ్మ మాత్రం చూసింది. చూసి, పొయ్యిలో ఇంకో కట్టె తోసి పొగ రేపింది. ఆమె ఎవరి పక్షమో అతనికి అంతుపట్టలేదు.

నేత వీధిలో, అందరి మగ్గాలూ ఆపించిన జయరాములు మగ్గం గుంటలోంచి లేవలేదు.

"ఏమప్పా, దారి తప్పినావా? ఈడ కొలిచేదానికేం లేదే."

"కర్ర తెచ్చినాను. ఇదే పొడుగు."

"ఓహో! కర్ర పోయిందని పోలీసుకు చెప్పి, మా ఇంట్లో దొరికిచ్చేదానికా?"

వరదప్పకు కోపం రాలేదు. తనైనా అదే అనుకునేవాడు. "మీరు ముట్టొద్దు నాయనా. నా చేతిలోనే ఉండనీ. వేలూరులో నేనే చెప్తాను."

జయరాములు తల్లి పొన్నమ్మ రాట్నం ఆపి అతన్ని పైకీ కిందికీ చూసింది. "పిల్చుకొని పోరా. తప్పిచ్చుకుంటే పట్టుకొనేదానికి చిన్నమణిని గూడా తీసుకో."

రైల్లో ఇద్దరూ అతన్ని మధ్యన కూర్చోబెట్టారు. పక్కింటి నేతగాడు చిన్నమణి అతని పైపంచె కొసను తన మణికట్టుకు చుట్టుకున్నాడు.

కచేరీలో ఇనుప గజం పక్కన పెట్టి చూశారు. రెండు వేళ్లు.

"దీంతో కొలిచిందెవరు?" అన్నాడు గుమాస్తా.

జయరాములు తలుపుకు అడ్డంగా జరిగాడు. ముసలాయన మాట మార్చేది ఇక్కడే.

"నేనే సామీ. తెలిసే కొలిచినాను, పదకొండేండ్లు."

గుమాస్తా రాసుకుని సంతకం తీసుకున్నాడు. ఇకనుంచి సావుకారు అరుగు మీద కచేరీ ముద్ర వేసిన గజమే ఉండాలని అక్కడి దొర తాకీదు రాయించాడు. వరదప్ప వట్టి చేతులతో బయటికొచ్చి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

కాట్పాడి ప్లాట్‌ఫారం మీద జయరాములు చెప్పకుండా మాయమై, అరిటాకు పొట్లంతో తిరిగొచ్చాడు. వేడి ఇడ్లీలు. వరదప్ప పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"విషం లేదప్పా. పెట్టేదుంటే పొద్దున్నే పెట్టుంటాం."

వరదప్ప నవ్వాడు. "కొంచెం ఆగి తింటాను."

లత్తేరి దాటాక అతని తల జయరాములు భుజం మీదికి వాలింది.

"నిద్ర నటిస్తాండాడు," అన్నాడు చిన్నమణి, పంచె కొస బిగించి. "గుడియాత్తంలో సావుకారు మనుషులు కాచుకొని ఉంటారేమో, చూసుకో."

స్టేషన్లో ఎవరూ లేరు. దిగమని కుదిపినప్పుడు గానీ అతనిలో ఊపిరి లేదని తెలియలేదు. చిన్నమణి మణికట్టు విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ చెరోవైపు పట్టి అతన్ని దించారు. రైలు కదిలింది. ఖాళీ అయిన బల్ల మీద, అరటినార ముడి విప్పని పొట్లం ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.