బ్లూబెర్రీ మరకలు

స్కీ పందెంలో ఆగినవాళ్ళు గెలవరు. అందుకే ఛాంపియన్‌గా ఉన్నన్నాళ్ళూ, మంచుదారి పక్కన నిలబడి గున్వోర్ అనే ఆవిడ అందించే వేడి బ్లూబెర్రీ సూప్‌ను ఆగకుండానే లాక్కుని ఒక్క గుక్క తాగేదాన్ని. లాక్కునే ఊపుకి సగం తొణికి ఆమె మీదే పడేది.

పోటీలు మానేశాక, ఈ ఏడు అదే దారిలో మామూలు జనంతో కలిసి స్కీల మీద వెళ్ళి ఆమె ముందు ఆగాను. అదే తెల్లకోటు, నిండా ఊదా మరకలు.

"ఇవన్నీ నా పనేనా? ఉతికితే పోలేదా?"

"ఉతికితేగా పోయేది. మా దలార్నా సీమ పిల్ల గెలిచినప్పటి మరకలవి, ఊరంతా చూపించుకున్నాను. తాగు, చల్లారిపోతోంది."

నింపాదిగా తాగాను. "చాలా థాంక్స్, గున్వోర్," అన్నాను.

"థాంక్స్ సరే," అంటూ ఆమె చెయ్యి చాచింది. "ఈ ఏటి మరకేదీ?"

గ్లాసులో మిగిలిన చివరి చుక్కను ఆమె కోటు చేతి మీద జాగ్రత్తగా ఒలకబోశాను.