నిశాని తోపులో ఆఫ్రికా వానపాము

ఆఫ్రికా వానపామును మా కొండ నెత్తిమీద, గొడ్డలి పడని దేవత తోపుదాకా ఎక్కించిన మొనగాణ్ణి నేనే. ఓడ లేదు, విమానం లేదు. ఒక్క పూటలో ఎక్కించేశాను. నమ్మకపోతే విశాఖపట్నం వెళ్ళి ల్యాబులో కంప్యూటర్ని అడగండి, అది నా మాటే చెబుతుంది.

నా పేరు గాసి. హుకుంపేటకు ఎగువన, కాఫీ తోటల మధ్య మా ఊరు. నాలుగేళ్ళుగా బిందుమాధవి అనే అమ్మాయికి వానపాములు తవ్వి పెడుతున్నాను. ఆమెది విజయనగరం దగ్గర పల్లె. యూనివర్సిటీలో పరిశోధన. మా మట్టిలో ఏయే జాతుల వానపాములున్నాయో తేలిస్తే ఆమెకు డాక్టరు పట్టా వస్తుంది.

పెద్ద పామైతే కోసి చూసి జాతి చెబుతారట. పిల్ల పాములన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకని తోక చివర గోరంత తుంచి, స్పిరిట్ ట్యూబులో వేసి పంపుతుంది. ల్యాబులో దాని డీఎన్ఏ చదివి, ఇదివరకు చదివి పెట్టినవాటితో కంప్యూటర్లో పోల్చి, ఫలానాది అంటారు.

"తోక ముక్క సూసి కులం సెప్పేత్తారేటమ్మా!" అన్నాను మొదటి ఏడు. "మా మనవడి కులం సర్టిఫికెట్టుకి ఎనిమిది నెల్లు తిరిగినాం. ఆడి గోరు కూడా ఒకటి అట్టుకెళ్ళు."

అప్పట్లో ఆ మాటకు పడి పడి నవ్వింది. తర్వాత తర్వాత నవ్వడానికి ఓపిక తగ్గిపోయింది.

పోయిన జూన్‌లో వానలు పట్టగానే ఆమెకు జ్వరం తగిలింది. హుకుంపేటలో గది తీసుకుని పడి ఉంది. అక్కణ్ణించి ఫోన్ చేసింది.

"తాతా, తోపులో నాలుగు గోతులు తవ్వి పిల్ల పాములు పట్టవా? మీ ఇంట్లో పెట్టిన ట్యూబుల మీద పేర్లు రాసే ఉన్నాయి. తోకలు తుంచి వేసెయ్యి, చాలు. రేపు వైజాగ్ బండి వెళ్తోంది."

తోపంటే మా ఊరి దేవత నిశానిది. గంటన్నర ఎక్కుడు. పైగా విత్తనాల పూజ ఇంకా కాలేదు. మా పూజారి దిసారి మంచిరోజు చూసి, విత్తనాలు దేవతకు చూపించేదాకా ఆ తోపు మట్టిలో ఇనుము దిగకూడదు. మరి ట్యూబులేమో ఖాళీగా ఉన్నాయి. మా పశువుల సాల వెనక వర్మీ ఎరువు తొట్టి ఉంది. అందులో ఉన్నది పేడ, మట్టి కాదు. పేడకు దేవత అడ్డు లేదు కదా. కొండ ఒక్కటే, దాని పాములూ ఒక్కటే అనుకున్నాను. నాలుగు పిల్లల్ని పట్టి, తోకలు తుంచి, 'తోపు' అని రాసిన ట్యూబుల్లో వేశాను.

ఇంతకీ నా మొనగాడితనం ఇదన్నమాట. ఆ తొట్టిలో పాముల్ని ఆరేళ్ళ కిందట ఎవరో స్కీము వాళ్ళు గోనెసంచిలో తెచ్చి పోసి, నా పక్కన నిలబడి ఫోటో తీయించుకుని పోయారు. అవి కొండెక్కిందీ లేదు, నేను ఎక్కించిందీ లేదు.

దసరా వెళ్ళాక బిందుమాధవి వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి. అరుగు మీద సంచి దించి, గోడకు చేరగిలబడింది.

"తోపులో నాలుగూ ఆఫ్రికావే తాతా. ఎరువు తొట్ల కోసం తెప్పించే జాతి. ఎవరూ దున్నని అడవిలోకి కూడా చేరిపోయిందంటే పెద్ద సంగతని మా సార్ ఎగిరి గంతేశారు. అదే చివరి అధ్యాయం. సోమవారం ఇచ్చేస్తే అయిపోయినట్టే." కళ్ళు మూసుకుంది. "ఐదేళ్ళు. ఇంక ఇంటికెళ్ళి నిద్రపోతాను."

చోళ్ళు చెరుగుతున్న నా ఇల్లాలు సోములమ్మ చేట ఆపి నావైపు చూసింది.

"సెప్పు."

"ఏటి సెప్పాలి?"

"తొట్టికాడ నువ్వు కూకోడం నాను సూణ్ణేదనుకున్నావేటి? ఆ ఆడగుంటని అబద్దం మీద పడుకోబెట్టీసి పంపుతావా?"

బిందుమాధవి కళ్ళు తెరిచింది. హాస్యమాడటం తప్ప నాకు వేరే విధంగా మాట్లాడటం రాదు.

"ఆ పాము ఆఫ్రికా నించి మా తొట్టి దాకానే వొచ్చినాదమ్మా," అన్నాను. "ఆపైన అలిసిపోనాది."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. అదే బాగోలేదు.

"ఎందుకు తాతా?"

"ఇత్తనాల పూజ అవలేదు. పూజ కాకండా తోపులో ఇనుం దించకూడదమ్మా."

నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకుంది. "ఒక్క ఫోన్ చేస్తే ఆగేదాన్ని కదా," అంది. తర్వాత సార్‌కి ఫోన్ చేసి, చివరి అధ్యాయం లేదని చెప్పింది. అవతల ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఈమె "అవును సార్" అని మాత్రమే అంది.

"అంబలి తాగమ్మా," అంది సోములమ్మ.

మర్నాడు ఇద్దరం తోపుకు ఎక్కాం. నేను ఐదుచోట్ల కూలబడ్డాను. కూలబడ్డ ప్రతిసారీ ఆమె అటు తిరిగి కొండను చూస్తూ నిలబడింది. మొదటి గోతిలో చీమలు. రెండో గోతిలో ఒక జెర్రి. మూడోదాంట్లో తెల్లటి పిల్ల పాము ఒకటి, నాలుగోదాంట్లో రెండు.

"అచ్చం తొట్టిలోదాన్లాగే ఉంది," అన్నాను.

"అందుకేగా ఈ తంటా అంతా," అంది తోక తుంచుతూ.

జనవరిలో ఫోన్ చేసింది. మూడింటిలో ఒక్కటీ ఆఫ్రికాది కాదట. తోపు చెడలేదు. ఆ మూడూ కంప్యూటర్లో ఉన్న దేనితోనూ కలవలేదట.

"అయితే కొత్త జాతేనా? బేగి నా పేరెట్టీ."

"కొత్తదని చెప్పలేం. ఇదివరకు ఎవరూ చదివి పెట్టలేదు, అంతవరకే. పెద్ద పాము దొరకాలి, కోసి చూడాలి."

"అంటే మళ్ళా జూనా?"

"మళ్ళీ జూనే తాతా."

ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్కటి. బిందుమాధవి నోటుబుక్కులో 'స్థానిక ఆచారం' అని ఇప్పటికీ ఉంది కాబట్టి, అది మీకైనా చెప్పాలి. ఆచారం నిజమే. కానీ ఆమెకు జ్వరం వచ్చేనాటికి విత్తనాల పూజ అయిపోయి ఎనిమిది రోజులైంది. ఆ పూజ కోడికూర నేనూ తిన్నాను. మోకాళ్ళు లేవలేదు, కొండ ఎక్కలేకపోయాను. అంతే.