సముద్రం వైపు గోడ

గోడకి మళ్ళీ ఉప్పు పొంగింది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఇల్లు కొనేవాళ్ళు నాలుగింటికి వస్తున్నారు. హాల్లో సముద్రం వైపున్న గోడ మీద, నేల నుంచి మోకాలెత్తు దాకా, పిండి చల్లినట్టు తెల్లటి పొడి లేచి, కిందటి వారమే వేసిన ఖరీదైన రంగుని పొక్కులు పొక్కులుగా ఊడగొట్టింది. నున్నన్న దాని ముందు గొంతుక్కూర్చుని వైరు బ్రష్షుతో గీకుతున్నాడు. గీకిన కొద్దీ రాలుతోంది. రాలిన పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, కళ్ళలోకి పోతే మంట.

అతని అసలు పేరు పనివాళ్ళెవరికీ గుర్తులేదు. తాపీ పట్టాడంటే గోడ అరచేతి కింద జారిపోయేంత నున్నగా వస్తుందని ఎప్పుడో ఎవరో నున్నన్న అన్నారు, అదే నిలిచిపోయింది. పొగిడి పెట్టిన పేరే. ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు మాత్రం ఎవరైనా అలా పిలిస్తే వెక్కిరించినట్టే ఉంటుంది.

"ఇది నాలుగోసారి బావా," అన్నాడు రంగులేసే బావమరిది, డబ్బా మూత తీస్తూ. "ఈ ఒక్క గోడకి పట్టిన రంగుతో ఓ వీధికి వీధి వేసేవాణ్ణి."

"మాట్లాడక లప్పం కలుపు."

"కలుపుతాలే. లప్పం ఆరడానికే రెండు గంటలు. దానిమీద రంగు ఆరొద్దూ? వాళ్ళొచ్చి చెయ్యి పెడితే చేతికొస్తుంది."

"లైట్లు పెట్టు."

రెండు పెద్ద లైట్లు తెచ్చి గోడకి ఎదురుగా నిలబెట్టారు. ఆ వేడికి హాలు పొయ్యిలా కాగిపోయింది. ఏసీ ఉంది గానీ వేయకూడదు. కొనేవాళ్ళు గుమ్మం తొక్కడానికి పావుగంట ముందు మాత్రమే వేయాలని కాంట్రాక్టరు ఆజ్ఞ.

ఇల్లు చూడ్డానికి కళ్ళు చాలవు, అందులో అబద్ధం లేదు. నేలంతా తెల్ల పలకలు. మేడ మీదా, కిందా సముద్రం వైపు సగం గోడ అద్దమే. మేడ మీద పడకగది, దానికి ఆనుకుని మనిషి పడుకోగలిగినంత నీళ్ళ తొట్టి. ధర కోటీ పది లక్షలు. నున్నన్నకి రోజుకి ఆరొందలు, సిమెంటు మాలు కలిపి మోసే అతని భార్యకి నాలుగొందలు. ఇద్దరూ ఒక్క రోజూ మానకుండా, ఒక్క పూటా తినకుండా దాచుకుంటే ఈ ఇల్లు కొనడానికి ముప్పై ఏళ్ళు పడుతుందని బావమరిది ఒకసారి లెక్కకట్టి పకపకా నవ్వాడు. నున్నన్నకి నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళు ఈ ఇల్లు నిలబడదని అతనికి తెలుసు.

ఆ సంగతి రెండేళ్ళ నాటిది. అప్పుడు ఏటి ఇసుక లారీలు నెలరోజుల పాటు ఆగిపోయాయి. ఎదురుచూసి ఎదురుచూసి కాంట్రాక్టరు ఒకరోజు పొద్దున్నే రేవు పక్క నుంచి ఆరు ట్రాక్టర్ల ఇసుక తోలించాడు. నున్నన్న పాత మేస్త్రీలందరూ చేసే పనే చేశాడు. చిటికెడు ఇసుక తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు కషాయం. ఉమ్మేసి, "సార్, ఇది పనికిరాదు. మంచినీళ్ళతో నాలుగైదుసార్లు కడగాలి," అన్నాడు.

కాంట్రాక్టరు నవ్వాడు. "నువ్వు గోడ కడుతున్నావా, కూర వండుతున్నావా? తాగడానికే నీళ్ళు కొనుక్కుంటున్నాం, ఇసుకకి స్నానాలెక్కడ చేయిస్తావు? నాలుగు రోజులు ఆరుబయట వదిలెయ్, వానకి అదే కడుక్కుపోతుంది."

వాన రాలేదు. పదకొండు మంది పనివాళ్ళు అప్పటికే నెలరోజులుగా చేతులు ముడుచుకుని కూర్చున్నారు. అయిదో రోజు నున్నన్న ఆ ఇసుకతోనే మాలు కలపమన్నాడు. అతని భార్య కలిపింది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. తెలిసి తెలిసి చేసిన పని అది. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా అతనికి తన చేతుల మీద తనకే అసహ్యం పుడుతుంది.

పూత సంగతి సరే, గీకి మళ్ళీ పూయొచ్చు. ఆ ఇసుకే మేడ మీది పడకగది పైకప్పు స్లాబులోకీ పోయింది. రెండు నెలల కిందట ఆ స్లాబు కింద జానెడు పొడవున గోధుమరంగు చార ఒకటి కనిపించింది. బావమరిది మరకనుకుని రంగేసేశాడు. నున్నన్న నిచ్చెనెక్కి గోటితో తట్టి చూశాడు, డొల్లగా మోగింది. లోపల ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతోంది. ఇవాళో రేపో కూలేది కాదు. అయిదేళ్ళకో, ఎనిమిదేళ్ళకో, బాగా వాన పట్టిన రోజున పెచ్చు ఊడి మంచం మీద పడుతుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. కాంట్రాక్టరుకి చెబితే, "ఎనిమిదేళ్ళకి నువ్వెక్కడో, నేనెక్కడో," అన్నాడు.

పోనీ ఆ మనిషి పచ్చి దుర్మార్గుడా అంటే అదీ కాదు. నున్నన్న కూతురికి జ్వరం ముదిరినప్పుడు అరగంటలో తన కారు తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఉండడానికి బయట రేకుల గది ఊరికే ఇచ్చాడు. ఈ ఇల్లు అమ్ముడుపోతే పక్కన మరో ఆరు ఇళ్ళకి పునాదులు తీస్తానన్నాడు. పదకొండు మందికి మూడేళ్ళ పని. అమ్ముడుపోకపోతే ఎవరి దారి వారిది.

ఒంటిగంటకి భార్య అన్నం గిన్నె తెచ్చి అతని పక్కన పెట్టింది. గోడ వంక ఒకసారి చూసింది, మొగుడి వంక ఒకసారి చూసింది.

"ఏమయ్యా, వాళ్ళడిగితే ఏం చెప్తావు?"

"అడగరు."

"అడిగితే?"

"బాగుందంటాను. ఇంకేమంటాను?"

"అట్లాగే అను. పిల్ల తొమ్మిదో క్లాసు. అయిదు ఊళ్ళలో అయిదు బళ్ళు మార్చాం. ఇక్కడే మొదటిసారి ఏడాదంతా ఒకే బడిలో కూర్చుంది. లెక్కల్లో ఫస్టొచ్చింది. ఇప్పుడు మళ్ళీ పుస్తకాల సంచీ నెత్తినెట్టుకుని తిప్పుదామా?" గొంతు తగ్గించింది. "కోటి పెట్టి కొనేవాళ్ళకి లాయర్లుంటారు, డాక్టర్లుంటారు. మనకెవరున్నారు?"

అతను కలిపిన ముద్దని గిన్నెలోనే వదిలేశాడు. ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ వైపు అడుగేసినా పడేది తాము ఒక్కరే కారు.

నాలుగింటికి గోడ అద్దంలా తయారైంది. లైట్లు తీసేశారు, ఏసీ వేశారు. కారు హారను వినిపిస్తుందని అందరూ గేటు వైపు చెవులు రిక్కించి నిలబడితే, కొనేవాళ్ళు బస్సు దిగి, ఎండలో మైలు దూరం నడిచి, చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. అరవై దగ్గర పడిన మొగుడూ పెళ్ళాం. ఆమె చేతిలో గుడ్డ సంచీ, నీళ్ళ సీసా. అతని ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు.

"ఇరవై ఆరేళ్ళు ఓడల మీద వంట చేశానండి," అన్నాడు ఆయన కాంట్రాక్టరుతో, ఆ మచ్చలు చూపించి. "మొన్ననే దిగిపోయాను. ఉన్న ఇల్లు అమ్మేశాం. దాచుకున్నదీ, అదీ కలిపితే సరిగ్గా ఈ ఇంటికి సరిపోతుంది. ఇంకేం మిగలదు."

"ఇంత ఇల్లెందుకండీ అన్నాను, వింటేగా!" అంది భార్య, అద్దం అవతలి సముద్రం మీంచి కళ్ళు తిప్పకుండానే.

"సముద్రం మీదే బతికాను గానీ సముద్రాన్ని చూసిందెక్కడ? ఓడలో నా వంటగదికి కిటికీ ఉండేది కాదు. ఇప్పుడు కూర్చుని చూడాలి." ఆ మాట చెబుతుంటే ఆయన మొహం పసివాడి మొహంలా ఉంది. నున్నన్న తల దించుకున్నాడు. లాయర్లున్నవాళ్ళు వస్తారనుకుంటే వీళ్ళొచ్చారు.

మేడ మీద తొట్టి చూసి ఆవిడ, "ఇంత పెద్దదా! ఇందులో ఏం నానబెడతారు?" అంది. "మనల్నే," అన్నాడు వంటాయన. గుమ్మం దగ్గర నిలబడ్డ నున్నన్న భార్యకి కూడా నవ్వాగలేదు.

కాంట్రాక్టరు అసలు పని అప్పుడు మొదలుపెట్టాడు. "చూడండీ, నేను అమ్ముకునేవాణ్ణి. నా మాట నమ్మకండి. కట్టినవాణ్ణి అడగండి." నున్నన్న భుజం మీద చెయ్యి వేసి ముందుకి నెట్టాడు. ఎవరైనా ఇల్లు చూడ్డానికి వచ్చే రోజున మంచి చొక్కా వేసుకోవద్దని నున్నన్నకి ముందే చెప్పి ఉంచాడు. సిమెంటు మరకల చొక్కాలో ఉన్న మేస్త్రీ మాటకున్న విలువ ఇస్త్రీ చొక్కా మాటకి ఉండదని కాంట్రాక్టరుకి తెలుసు.

"మేస్త్రిగారూ," అన్నాడు వంటాయన. ఇన్నేళ్ళలో నున్నన్నని ఎవరూ గారు అనలేదు. "నాకు ఉప్పూ కారం తెలుసు గానీ గోడలు తెలీవు. మీరూ నాలాగే చేతులతో బతికినవారు. ఇల్లు గట్టిదేనా?"

"గట్టిగా కట్టామండి," అన్నాడు నున్నన్న. "భయమేం లేదు."

అంత తేలిగ్గా వచ్చేసింది మాట. తడబడలేదు కూడా. గుమ్మం దగ్గర భార్య ఊపిరి వదలడం వినిపించింది. కాంట్రాక్టరు వేళ్ళు అతని భుజాన్ని మెల్లిగా నొక్కాయి. పదకొండు పొట్టలు నిండాయి, పిల్ల బడి నిలబడింది. ఇంక ఇక్కణ్ణించి బయటపడి ఎక్కడైనా కూర్చుంటే చాలనిపించింది అతనికి.

"అయితే సరే. చెక్కు ఇప్పుడే రాస్తాను," అని వంటాయన భార్య చేతిలోని సంచీలోకి చెయ్యి పెట్టాడు. చెక్కు పుస్తకం కంటే ముందు బరువైనదేదో గుడ్డలో చుట్టింది బయటికి తీశాడు. విప్పితే రెండు ఇనుప కొక్కేలు, బొటనవేలంత లావు. "నవ్వకండి మరి. ఇరవై ఆరేళ్ళు ఊగే మంచం మీద పడుకున్నవాణ్ణి. నేల మీద కదలకుండా పడుకుంటే నిద్ర రావట్లేదు. ఈ పడకగదిలో ఉయ్యాలబల్ల వేసుకోవాలి. నాకూ, మా మనవరాలికీ. దానికి మూడేళ్ళు. తాతా, ఎప్పుడూ, ఎప్పుడూ అని ప్రాణం తీస్తోంది. మీ చేత్తోనే బిగించి పెట్టండి మేస్త్రిగారూ. ఇల్లు మాదయిందన్నట్టు ఉంటుంది."

"అయిదు నిమిషాల పని," అన్నాడు కాంట్రాక్టరు హుషారుగా. "ఏమ్మా, ఆ డ్రిల్లింగు మిషను పట్రా."

నున్నన్న భార్య మిషను తెచ్చి గోడకున్న ప్లగ్గులో పెట్టింది. బావమరిది నిచ్చెన వేశాడు. వంటాయన గది మధ్యలో, అద్దానికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచి చోటు చూపించాడు. "ఇక్కడైతే పడుకుని కూడా నీళ్ళు కనిపిస్తాయి."

రంగు కింద దాగిన చారకి అది మూరెడు దూరం కూడా లేదు.

నున్నన్న నిచ్చెనెక్కాడు. మిషను ఆనించి మీట నొక్కాడు. ఒక్క తిప్పు తిరిగింది. సిమెంటు గట్టిగా ఎదురు తిరగాలి, తిరగలేదు. మెత్తగా లోపలికి దిగిపోయింది. అతను మీట వదిలేశాడు. కింద వంటాయన భార్య, ఉయ్యాలకి ఏ రంగు దిండ్లు కుట్టించాలో మొగుడికి చెబుతోంది. మాట అనేశాడు, మాటకేముంది, గాలి. ఇది తన పని. ముప్పై ఏళ్ళుగా తన చేతులకి ఇది ఒక్కటే తెలుసు. మూడేళ్ళ పిల్ల బరువు ఎంతుంటుంది? ఆ పిల్లని తన చేతులతోనే దీనికి వేలాడదీయాలి.

అతను మెట్టూ మెట్టూ దిగి మిషను నేల మీద పెట్టాడు.

"ఇక్కడ బిగించను," అన్నాడు.

"అక్కడ కుదరకపోతే కాస్త పక్కకి..." అన్నాడు వంటాయన.

"పక్కన కూడా వద్దండి. ఈ స్లాబుకి ఎక్కడా ఉయ్యాల కట్టొద్దు. కింద మంచం కూడా వేయొద్దు."

"ఏం మేస్త్రిగారూ? ఇందాకేగా గట్టిదన్నారు?"

"అన్నాను. అబద్ధం చెప్పాను. దీన్ని పోసింది నేనే, నాకు తెలుసు."

బావమరిది నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వంటాయన చేతిలో కొక్కేలు పట్టుకుని పైకి చూశాడు. తెల్లటి నున్నటి పైకప్పు. దాని మధ్యలో చిన్న చిల్లు.

కాంట్రాక్టరు మొహంలో నవ్వు చెదరలేదు. "పొద్దుట్నుంచి లైట్ల వేడిలో పనిచేశాడండి, పాపం, తల తిరిగినట్టుంది. ఇదిగో, మాలు కలిపింది వీళ్ళావిడే. ఈమెనే అడగండి. చెప్పమ్మా. ఇల్లు బాగానే ఉంది కదూ? చెప్పు. పిల్ల సంగతి గుర్తుపెట్టుకుని మరీ చెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మొగుడి వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంది, భయం ఉంది. ఆ రెండూ దాచుకోవాలని ఆమె చూడలేదు.

తర్వాత కాంట్రాక్టరుకి వీపు తిప్పి గోడ దగ్గరికి నడిచి, మిషను ప్లగ్గు పీకేసింది. నేల మీద కూర్చుని, పని ముగించే వేళ రోజూ చుట్టినట్టే, వైరుని మోచేతికి చుట్టడం మొదలుపెట్టింది. అప్పటికి ఇంకా అయిదు కూడా కాలేదు.