ఓడ అడుగున నురుగు

నేను ఒక దుర్భిణిని. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెస్తానని నమ్మి జనం నన్ను మెడలో వేసుకుంటారు. నిజానికి నేనేదీ దగ్గరికి తేను. ఉన్నది అక్కడే ఉంటుంది, చూసేవాడు ఇక్కడే ఉంటాడు. ఈ సంగతి తెలియడానికి మనుషులకి చాలాకాలం పడుతుంది. కొందరికి తెలియకుండానే రోజులు వెళ్లిపోతాయి, వాళ్లు అదృష్టవంతులు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. ఏదో చలిదేశపు కార్ఖానాలో గాజుబిళ్లలు అరగదీసి, ఇత్తడి గొట్టాల్లో బిగించి, పైన నల్లతోలు అతికించారు. ముందువైపు గాజుకి దుమ్ము పట్టకుండా రెండు మూతలు ఇచ్చారు. సముద్రం దాటి వచ్చి విశాఖపట్నంలో ఒక కొట్టు బీరువాలో కూర్చున్నాను. అక్కణ్ణించి నన్ను తుని తీసుకువచ్చింది ఒక రైసుమిల్లు యజమాని. పక్షుల్నో, కొండల్నో చూపించే భాగ్యం కలుగుతుందని ఆశపడ్డాను. ఆయన మాత్రం రోజూ మేడెక్కి, ధాన్యం ఎండబెట్టే ఆడవాళ్లు పనిచేస్తున్నారా, నీడన కూర్చున్నారా అని నాతో చూసేవాడు. చూసి, కిందికి దిగి, కేకలు వేసేవాడు. చాలా ఏళ్లు నా గాజు ఆ పనికే ఉపయోగపడింది.

ఒకసారి ఆ యజమాని తల్లి పోయింది. ఆవిడకి ఒక్క ఫోటో కూడా లేదు. ఊళ్లో ఆర్టిస్టు నూకరాజు అని ఒకాయన ఉన్నాడని పిలిపించారు. ముక్కు ఎలా ఉండేది, బొట్టు ఎంత పెట్టేది అని ఇంట్లోవాళ్లని అడిగి అడిగి ఆయన ఆ ముసలావిడ బొమ్మ వేశాడు. ఆ బొమ్మ చూసి యజమాని గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగలడని నాకు అప్పుడే తెలిసింది. తన మెడలో ఉన్న నన్ను తీసి నూకరాజు మెడలో వేశాడు. నా బతుకులో అదొక్కటే మంచిరోజు అనుకుంటాను.

నూకరాజు పని ఫోటో స్టూడియోలకి తెరలు గీయడం. ఆ రోజుల్లో వెనక తెర లేకపోతే ఫోటోకి అందం లేదు. తాజమహలు, జలపాతం, నెమళ్ల తోట, అన్నీ గీసేవాడు. అన్నిట్లోకీ గిరాకీ ఉన్నది ఓడ తెరకి. నీలం సముద్రంలో అంతస్తులు అంతస్తులుగా తెల్లటి ప్రయాణికుల ఓడ, దానిమీద ఎర్ర పొగగొట్టం. పక్క ఊరు దాటని కొత్తజంటలు ఆ తెర ముందు నిలబడి, లంగరెత్తబోతున్నట్టు నవ్వేవారు.

ఆ ఓడని నూకరాజు ఒక గోడ క్యాలెండరు చూసి గీశాడు. ఓడ అడుగు ఉండాల్సినచోట తేదీల కాగితాలు అంటించి ఉన్నాయి. వాటిని ఊడబీకితే కింద బొమ్మ కూడా చిరిగి వచ్చింది. అంత పెద్ద తెల్ల ఓడ నీళ్లలో ఎలా కూర్చుంటుందో తెలియక, అక్కడ దట్టంగా నురుగు వేసేశాడు. స్టూడియోవాళ్లకి ఆ నురుగే తెగ నచ్చింది. ఎవరు మెచ్చుకున్నా ఆయనకి మాత్రం గుచ్చుకునేది. "తెలీనిచోట సున్నం కొట్టేసినట్టు కొట్టేసాను తాయారూ" అనేవాడు భార్య మంగతాయారుతో. నన్ను మెడలో వేసుకుని సైకిలు మీద పెంటకోట సముద్రపు ఒడ్డుకి వెళ్లేవాడు. ఎక్కడో దూరంగా సరుకు ఓడలు పోతుండేవి. నేనెంత ప్రయత్నించినా వాటి పైభాగమే కనపడేది, అడుగుభాగం సముద్రపు గీతకి అవతలే ఉండిపోయేది. కాకినాడ రేవులో తుప్పు పట్టిన ఓడలు దగ్గరగానే చూశాడు. అవి వేరు, తన ఓడ వేరు అనేవాడు.

తరవాత స్టూడియోల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆయన తెరలు వానాకాలంలో గొడ్లపాకల మీద కప్పుకోవడానికి వెళ్లిపోయాయి. ఆ వెనకే ఆయన చూపూ పోవడం మొదలుపెట్టింది. ముందు కనిపెట్టింది నేనే. నన్ను కళ్లకి పెట్టుకుని, ఎదురుగా ఉన్నదాన్ని పక్కకి పక్కకి వెతుక్కునేవాడు. కంటి నరం ఎండిపోతోందని కాకినాడ డాక్టరు చెప్పాడు. పోయింది తిరిగి రాదు, మిగిలిన కాస్తా ఎప్పుడు పోతుందో చెప్పలేం, చూడాల్సినవి ఏమైనా ఉంటే చూసెయ్యండి అన్నాడు. మంగతాయారు రోజూ కళ్లలో చుక్కలు వేసేది. చుక్కలు వేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది.

అలాంటప్పుడు ఫోటోగ్రాఫర్ల సంఘం సింగపూరు వెళ్లి, ఓడెక్కి తిరగాలని తలపెట్టింది. సంఘం పెద్ద దొరబాబు. వాళ్ల నాన్న స్టూడియోకే నూకరాజు మొదటి ఓడ తెర గీశాడు. "మా నాన్న స్టూడియో మీ ఓడ మీదే నడిచిందండి బాబాయ్. మీరూ పిన్నీ రాకపోతే మేం ఎక్కం" అన్నాడు. అలా నేను మళ్లీ సముద్రం దాటాను.

ఓడలోకి గాజు గోడల వంతెన మీంచి నడిపించుకుపోయారు. భవనంలోంచి భవనంలోకి వెళ్లినట్టే ఉంది. "ఎక్కాం గానీ ఓడ కనపడలేదేటే" అన్నాడు నూకరాజు. "దిగేరోజు బయటినించి చూద్దురుగాని" అంది మంగతాయారు. ఆ మాట ఆవిడ గట్టిగా పట్టుకుంది.

సంఘంవాళ్లు ఒకరినొకరు ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు. సముద్రం వైపు వీపు పెట్టి నిలబడనివాడు లేడు. నూకరాజు ఒక్కడే ముఖం సముద్రం వైపు పెట్టుకుని, చూపులో ఇంకా మిగిలిన చిన్న కంతలోంచి నాతో చూసేవాడు. తిరుగు దారిలో ఒక ఉదయం, "మబ్బేసిందేటే తాయారూ" అన్నాడు. "లేదండి, ఎండ పేల్చేత్తంది" అందావిడ. "అవునవును" అని, నన్ను తీసుకుని చేత్తో కమ్మీ తడుముకుంటూ బయటికి వెళ్లాడు. కళ్లకి పెట్టుకున్నాడు. ఆ సముద్రం మీద ఉన్న వెలుగంతా నేను ఆయన కళ్లలో పోశాను. కంటిపాప కదల్లేదు. నాకు భయం వేసింది. ఆయన చాలాసేపు నన్ను దించలేదు. తరవాత కూడా భార్యకి ఏమీ చెప్పలేదు. ముందు నుంచీ ఆవిడ మోచెయ్యి పట్టుకునే నడుస్తున్నాడు కనక తేడా తెలియలేదు.

ఆఖరి రోజు పొద్దున్నే అందర్నీ సామానుతో సహా దింపేశారు. విమానం రాత్రికి. భవనం లోపలి సందు గొందుల్లోంచి బస్సు దగ్గరికి తీసుకుపోయారు, అప్పుడూ ఓడ కనపడలేదు. బస్సులో గైడు చెప్పింది దొరబాబు తెలుగులో చెప్పాడు: సాయంత్రం దాకా ఖాళీ. పెద్ద బజారుకి పోవచ్చు, చేపల అద్దాల ఇంటికి పోవచ్చు, లేదా రేవు పక్క కొండ మీదికి, తీగ మీద వేలాడుతూ పోయే తీగబండిలో పోవచ్చు. చేతులెత్తమన్నాడు. బజారుకి చేతులు లేచాయి. చాక్లెట్లు, నొప్పుల మందు సీసాలు, సెంట్లు కొనాలి. ఇంటికి వట్టి చేతులతో వెళ్తే ఊరుకునే బంధువులు ఎవరికీ లేరు. నూకరాజు కూడా చెయ్యి ఎత్తాడు. మంగతాయారు ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"దొరబాబూ, కొండ మీంచి మన ఓడ అవుపడద్దా?" అంది. నలుగురిలో ఆవిడ గొంతు విప్పడం అదే మొదలు.

గైడుని అడిగి, సాయంత్రం కొత్త జనాన్ని ఎక్కించుకునేదాకా ఓడ రేవులోనే ఉంటుందని, పైనించి మొత్తం కనపడుతుందని చెప్పాడు దొరబాబు.

"అయితే మమ్మల్ని అక్కడ దింపెయ్యి బాబూ. ఆయన ఓడ చూడాలి."

వెనక సీట్లోంచి ఎవరో నవ్వారు. "ఇన్నాళ్లూ ఓడలోనే ఉన్నాం కదండీ."

"వద్దులేవే, అందరితో పాటే బజారుకి పోదాం" అన్నాడు నూకరాజు. "నాకేం సరదా లేదు."

"మీరూరుకోండి. మొహమాటపడితే ఇంకెప్పుడు చూత్తారు."

ఆవిడకి అది మొహమాటంలా కనపడింది. అది భయమని నాకు తెలుసు, చెప్పడానికి నాకు నోరు లేదు. దొరబాబు వాళ్లిద్దర్నీ కొండ కింద దింపి, టికెట్లు కొనిచ్చి, సాయంత్రం వచ్చి ఎక్కించుకుంటానన్నాడు.

తీగబండిలో ఆవిడ అంతా చెబుతూనే ఉంది. చెట్లంట, మేడలంట, నీళ్లంట. ఆయన ఊఁ కొట్టాడు. పైన కమ్మీ దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టింది. "అదిగోనండి. అంతా అవుపడతంది. సూటిగా చూడండి."

ఆయన సంచీలోంచి నన్ను తీశాడు. ఎప్పుడూ ముందు మూతలు తీసి, చొక్కా జేబులో వేసుకుని, ఆ తరవాతే కళ్లకి పెట్టుకునేవాడు. ఆ రోజు మూతలు తియ్యకుండానే పెట్టుకున్నాడు. తీసినా తియ్యకపోయినా ఆయనకి ఒకటే కనక గుర్తు చేసేది ఏదీ లేదు. ముందు మూతలు, వెనక ఆయన కళ్లు. రెండువైపులా చీకటి మధ్య నేను ఉండిపోయాను. అలవాటుగా, చూపు సరిచేసే చక్రం తిప్పాడు.

"ఆఁ, దొరికింది" అన్నాడు. "అబ్బ, ఎంతుందే. అంతస్తులన్నీ తెల్లగా ఉన్నాయి. పైన పొగగొట్టం ఎర్రగా మెరుస్తంది."

ఆయన తన తెర చూస్తున్నాడు. మంగతాయారుకి అంతసేపూ ఆగని మాట ఆగిపోయింది.

"నీళ్ల దగ్గర?" అందావిడ.

"నురుగే తాయారూ. నేనేసినట్టే. ఊరికే బాధపడ్డాను ఇన్నాళ్లూ."

ఆవిడ వేలు నా మూత మీద ఆగింది. "ఇలా ఇవ్వండి, నేనూ చూత్తాను" అని నన్ను తీసుకుంది. చప్పుడు కాకుండా మూతలు తీసి చూసింది. అప్పుడు నాకూ కనపడింది. ఓడ పొగగొట్టం నీలంగా ఉంది. అడుగున నురుగు లేదు. నీళ్లకి పైన ఎర్రరంగు పట్టీ, దాని కింద పచ్చటి నాచు, పక్కన నూనె తెట్టు మీద ఎవరో పారేసిన సీసాలు. ఆవిడ కళ్లనీళ్లు నా గాజు మీద పడి ఓడంతా అలుక్కుపోయింది.

"మీరేసినట్టే ఉందండి" అంది. మూతలు మళ్లీ పెట్టేసింది.

ఆయన మూతల కోసం చొక్కా జేబు తడుముకున్నాడు. జేబు ఖాళీ. చెయ్యి చాచి నా మొహం తడిమాడు, మూతలు ఉన్నాయి. తాను వాటిని తియ్యనేలేదని ఆ వేళ్లకి అర్థమైంది. ఆవిడకి తెలిసిపోయిందని కూడా. ఇద్దరూ బస్సు వచ్చేదాకా ఒక బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. కింద రేవులో ఓడ కూత పెట్టింది. వేరే జనంతో బయలుదేరుతోంది.

బస్సెక్కగానే, "చూసారా బాబాయ్?" అన్నాడు దొరబాబు.

"చూసానయ్యా" అన్నాడు నూకరాజు.

తుని వచ్చాక నన్ను దొరబాబుకి ఇచ్చేశారు. ఇంట్లో నన్ను చూస్తే మంగతాయారుకి అన్నం దిగేది కాదు. ఇప్పుడు నేను స్టూడియోలో ఒక మేకుకి వేలాడుతున్నాను, పక్కన టోపీలు, కాగితం పూలు. పిల్లలకి నన్ను మెడలో వేసి పచ్చగుడ్డ ముందు నిలబెడతారు, వెనక ఓడని కంప్యూటరు అతికిస్తుంది. మూతలు పోతాయని దొరబాబు వాటిని బంకతో అంటించేశాడు. నాకిక చూసే పని లేదు. వింటాను.

మొన్న నూకరాజు గొంతు వినిపించింది. చూపు లేనివాళ్లకి ఇచ్చే సర్టిఫికెట్టుకి ఫోటో కావాలట. "దీనికి వెనకాల తెల్లగుడ్డే ఉండాలి పిన్నీ, ఇంకేం ఉండకూడదు" అన్నాడు దొరబాబు. స్టూలు జరిపిన చప్పుడైంది. "ఇటు చూడండి బాబాయ్. నా గొంతు వైపు."

"తాయారూ, నా వెనకాల ఏ తెరేసాడు?"

తెల్లగుడ్డ అన్న మాట ఆయనా విన్నాడు.

"ఓడేనండి. మీదే."

"నురుగుందా?"

"ఉందండి."

"సరే, తియ్యవయ్యా" అన్నాడాయన. దొరబాబు ఫోటో తీశాడు.