ముక్కు పూచీ

పాత బొమ్మల కథల పుస్తకాలు పోగుచేసేవాళ్లకి ఆయన పేరుతో పనిలేదు, ముక్కుతోనే పని. అందుకే ముక్కుగారన్నారు. ఆయనది పాత పుస్తకాల కొట్టు. నెలకో ఆదివారం టైలరు దుకాణం మీది గదిలో పాతికమంది చేరి, తమ దగ్గర రెండేసి ఉన్నవి ఇచ్చి, లేనివి పుచ్చుకుంటారు. మారకం తేలేముందు పుస్తకం ముక్కుగారి చేతికి రావాల్సిందే. ఆయన నడిమి పేజీ తెరిచి, పిన్నులున్న చోట ముక్కు దూర్చి, కళ్లు మూసుకుని "అసలుదే" అంటాడు. కాకపోతే "టీ తాగిన పుస్తకమయ్యా ఇది" అంటాడు.

నకిలీలు చేసేవాళ్లు కొత్తగా అచ్చేసిన కాగితాన్ని టీ డికాక్షన్లో ముంచి, నీడన ఆరబెడతారు. పిన్నులకి ఉప్పునీళ్లు రాసి తుప్పు పట్టిస్తారు. కంటికి యాభై ఏళ్ల పుస్తకమే. ముక్కుకి మాత్రం దొరికిపోతుంది. అసలైన పాత కాగితానిది తడిసి ఎండిన చెక్క వాసన, చివర్లో కాస్త పులుపు.

ఇదంతా ఆయన ఊరికే చేసేవాడనుకుంటే పొరపాటు. ముక్కుని నమ్మినవాడు కొట్టుకొస్తాడు, కొట్టుకొచ్చినవాడు ఉత్తచేతుల్తో పోడు. పైసా పెట్టకుండా వచ్చిన పెట్టుబడి అది.

ఆ పెట్టుబడి కిందటేడు ఓ జ్వరంలో నీళ్లపాలైంది. జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. పొయ్యి మీద పాలు మాడి ఇల్లు కంపు కొడుతుంటే, పక్క గదిలో తాపీగా పేపరు చదువుకుంటున్న మొగుణ్ణి చూసి భార్య, "అది ముక్కా, మొహానికి కుట్టించుకున్న బొత్తామా?" అంది. అలా తెలిసింది ఇద్దరికీ. డాక్టరు "వస్తే రావచ్చు" అన్నాడు.

"బయట అనకు" అన్నాడు భార్యతో. "సరుకు పుచ్చిపోయిందని కొట్టు ముందు బోర్డు కట్టుకునేవాడుంటాడా?"

కళ్లు పనిచేస్తున్నాయి, వేళ్లు పనిచేస్తున్నాయి. వందలో తొంభై వాటితోనే తేలతాయని లెక్కేసుకున్నాడు. మిగతా పదికి కళ్లు మూసుకుని కాసేపు ఆగితే సరిపోయేది. అలా ఏడాదిలో ముప్పై ఒక్క పుస్తకాలకి "అసలుదే" అన్నాడు.

ముప్పై రెండోది కాంపౌండరుది.

కాంపౌండరూ ఆయనా నలభై ఏళ్ల స్నేహితులు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా. కాంపౌండరు దగ్గర ఒంటికన్ను కెప్టెన్ కథలు రెండో సంచిక నుంచి నూట పన్నెండు దాకా ఉన్నాయి. మొదటిది లేదు. బీరువాలో దాని చోట ఓ అట్టముక్క నిలబెట్టి ఉంచాడు. ఎవరైనా అడిగితే "కెప్టెన్ పోగొట్టుకున్న కన్ను అదే" అనేవాడు. భార్య పోయాక ఆ బీరువా ముందే కుర్చీ వేసుకుని అన్నం తినేవాడు.

ఆ మొదటి సంచిక, ఆదివారాలు వచ్చేవాళ్లలో ఒకడైన ఫోటో స్టూడియో ఆయన తెచ్చాడు. బదులుగా, కాంపౌండరు ఇరవై రెండేళ్లు పోగుచేసిన డిటెక్టివ్ పుస్తకాలు మొత్తం తనకిమ్మన్నాడు.

"బావా, నీ ముక్కే పూచీ" అన్నాడు కాంపౌండరు.

ముక్కుగారు పిన్నులు చూశాడు, తుప్పుంది. కాగితం నలిపాడు, గరగరలాడింది. ముక్కు దూర్చి కళ్లు మూసుకున్నాడు. "అసలుదే."

మారకం అయ్యాక, కొలతకి ప్లాస్టిక్ కవరు కుట్టించి ఇస్తానని ముక్కుగారే పుస్తకం ఇంటికి తెచ్చాడు. నాలుగోనాడు బల్ల తుడుస్తూ భార్య దాన్ని పక్కకి జరిపి, "పుస్తకం మీద టీ ఒంపారా ఏం, ఈ వాసనేంటి?" అంది.

ఆయన అక్కడే కూలబడ్డాడు.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అంది భార్య, సంగతంతా విని.

"ఏమీ కాదు. ఎప్పటికో ముక్కున్నవాడు ఇంకొకడు వస్తాడు. తప్పని నష్టం మొదటిరోజే ఒప్పుకుంటే చవకలో పోతుంది."

జీవితమంతా పనికొచ్చిన లెక్క అది. దాన్ని పట్టుకునే కాంపౌండరు ఇంటికెళ్లాడు.

బీరువాలో అట్టముక్క తీసేసి ఉంది. ఖాళీ శుభ్రంగా తుడిచి ఉంది.

"బావా, ఇది టీ తాగిన పుస్తకం."

"నీ ఎకసెక్కాలకి వేళాపాళా ఉండదు" అని నవ్వాడు కాంపౌండరు. అవతలి మొహంలో నవ్వు లేకపోయేసరికి పుస్తకం అందుకుని, అలవాటు లేని పనిలా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అవును, టీ వాసనే. మరి ఆదివారం లేదే?"

"ఉంది. నాకే తెలియలేదు. ఏడాదైంది బావా, నా ముక్కు చచ్చి."

"ముక్కు చచ్చినవాడివి ఇవాళెలా పట్టావు?"

"మా ఆవిడ పట్టింది."

"ఆవిడ కూడానా" అన్నాడు కాంపౌండరు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాలుగు రోజులు నీ దగ్గరుంది. నేనిచ్చింది ఇదేనా?"

ముక్కుగారికి మొదట ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఇదే బావా, ఇదే" అన్నాడు.

"నీకు ముక్కు లేదంటే ఆదివారం అబద్ధమాడావు. ఉందంటే ఇప్పుడాడుతున్నావు" అన్నాడు కాంపౌండరు. తలుపు దాకా నడిచి, రెక్క తెరిచి పట్టుకున్నాడు. "మీరు వెళ్లండి."

నలభై ఏళ్లలో ఆయన నోట మీరు అన్నమాట వినడం అదే మొదలు.

తరువాతి సమావేశంలో ముక్కుగారు నిలబడి అందరికీ చెప్పేశాడు. ముక్కు సంగతి, మాడిన పాల సంగతి, అన్నీ. "అనుమానముంటే ఆ ముప్పై ఒకటీ ఇప్పుడే వాసన చూడండి" అన్నాడు.

ఒక్కరూ సంచీ విప్పలేదు.

స్టూడియో ఆయన గొంతు సవరించుకున్నాడు. "ముక్కుగారి ముక్కు దివ్యంగా ఉంది. నేనిచ్చింది అసలుదే, ఆయనే అన్నాడు. తరువాత అదెక్కడికెళ్లిందో ఆయన కొట్టునే అడగాలి."

"కిరసనాయిలు పెట్టి చూడండయ్యా నా ముక్కు దగ్గర!"

"వాసన రానట్టు కూర్చోడం ఎంతసేపు?" అన్నారెవరో. కొందరు నవ్వారు. కాంపౌండరు నవ్వలేదు, తలెత్తలేదు.

మెట్లు దిగుతుంటే లెక్కల మాస్టారు వెనకే వచ్చి భుజం మీద చెయ్యేశాడు. మంచి మనిషే. "మీరు అబద్ధమాడారని నేననుకోను. కానీ చూడండి, మీది నిజమైతే నావి ఆరు పుస్తకాలు అనుమానంలో పడతాయి. మిగతావాళ్లవీ అంతే. అబద్ధమైతే మీరొక్కరే పడతారు."

ముక్కుగారు తలూపాడు. లెక్కలో తప్పు లేదు. ఆయన చోట తనున్నా అలాగే వేసేవాడు. తన మాట నిజం కావాలని కోరుకునేవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు.

కొట్టుకి రావడం అందరూ మానేశారు. కాంపౌండరు ఒక్కడే రోజూ మధ్యాహ్నం వస్తాడు. గొడవ పడడు. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని, అరలకేసి ఒక్కో వరుసా చూస్తాడు. ఈమధ్య బాగా చిక్కిపోయాడు. ఇంట్లో ఇప్పుడు ఎక్కడ కూర్చుని తింటున్నాడో, అసలు తింటున్నాడో లేదో ముక్కుగారు అడగలేకపోయాడు.

"లేదు బావా. అసలుది నా దగ్గర లేదు. నా పిల్లల మీద ఒట్టు."

"ఇవ్వమనడం లేదండీ" అంటాడు కాంపౌండరు, అరువడిగేవాడిలా గొంతు తగ్గించి. "మీ దగ్గరే ఉంచుకోండి. అమ్ముకున్నా సరే, ఎవరికో చెప్పండి. వెళ్లి ఒక్కసారి చూసొస్తాను."

ముక్కుగారు తల అడ్డంగా ఊపుతాడు.

కాంపౌండరు కాసేపు కూర్చుని, మోకాళ్లు పట్టుకుని లేస్తాడు.

"సరేనండీ. రేపొస్తాను."